తీర్పులు వెలువడుతున్నాయి, స్కూలు ఆఫీసుకు చేరడం లేదు

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

మీ పత్రికలో అమెరికా వార్తల పేజీని నేను చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను. వీసా నిబంధనలు మారినా, లాటరీ గడువు దగ్గరపడినా, గ్రీన్‌కార్డుల వరుస కదిలినా కదలకపోయినా ఆ వార్త మరునాడే మీ పత్రికలో వివరంగా కనిపిస్తుంది. అందుకు కృతజ్ఞతలు. అయితే ఇక్కడి తెలుగు కుటుంబాల్లో ప్రభుత్వ పాఠశాలల్లో టీచర్లుగా, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతుల్లో సహాయకులుగా, సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా, నగరపాలక సంస్థల్లో ఇంజినీర్లుగా, కౌంటీ (మన జిల్లా వంటి పాలనా విభాగం) ఆఫీసుల్లో అకౌంటెంట్లుగా పనిచేస్తున్నవారు కూడా ఉన్నారు. వారి ఉద్యోగ జీవితాన్ని నేరుగా తాకే తీర్పులు, చట్టాలు గత కొన్నేళ్లలో ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాటి గురించి తెలుగులో వివరమైన వ్యాసం ఒక్కటీ నా కంట పడలేదు. ఇల్లినాయి రాష్ట్రంలో ఒక స్కూల్ డిస్ట్రిక్టు సిబ్బంది వ్యవహారాల విభాగంలో పనిచేస్తున్నందున ఈ లోటు ఫలితాలు నాకు దగ్గరగా కనిపిస్తాయి. నేను న్యాయవాదిని కాను, ఇందులోని అభిప్రాయాలు నా సొంతం. ఉత్తరం కొంత పొడవైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

తెలుగు రాష్ట్రాల్లోని పాఠకుల కోసం ముందుగా ఒక వివరణ. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్టును విద్యాశాఖకు చెందిన ఒక కింది కార్యాలయంగా ఊహించుకోకూడదు. చాలా రాష్ట్రాల్లో అది సొంత సరిహద్దులు, ఓటర్లు ఎన్నుకున్న బోర్డు, ఆస్తిపన్నులో సొంత వాటా, సొంత ఉద్యోగులు ఉన్న ఒక స్థానిక ప్రభుత్వం. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 13 వేలు ఉంటే, ఒక్క ఇల్లినాయిలోనే 850 దాకా ఉన్నాయి. అందువల్ల ప్రిన్సిపాల్ గానీ సూపరింటెండెంటు గానీ ఒక ఉద్యోగిపై తీసుకునే చర్య యజమాని చర్యతోపాటు ప్రభుత్వ చర్య కూడా అవుతుంది. వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే రాజ్యాంగ మొదటి సవరణ ప్రైవేటు కంపెనీని కట్టడి చేయదు గానీ స్కూల్ బోర్డును, నగర మండలిని, కౌంటీని చేస్తుంది. ఈ తేడా ఐటీ రంగం నుంచి ప్రభుత్వ ఉద్యోగంలోకి వచ్చిన మనవాళ్లలో చాలామందికి తెలియదు. కంపెనీలో పిలిచి చెప్పగానే సామాను సర్దుకుని వెళ్లిపోవలసి వచ్చిన అలవాటుతోనే ఇక్కడా ప్రవర్తిస్తారు. అంతకన్నా విచారకరమైన విషయం, ఆ తేడా కొందరు పై అధికారులకు కూడా గుర్తుండకపోవడం.

సంపాదకుడికి రాసిన ఒక ఉత్తరం వల్లనే ఈ చట్టంలో ఒక ముఖ్యమైన అధ్యాయం మొదలైంది. తెలుగు కుటుంబాలు ఉంటున్న నేపర్‌విల్‌లో కొంత భాగం విల్ కౌంటీలోకి వస్తుంది. అదే కౌంటీలో, లాక్‌పోర్ట్ ఉన్నత పాఠశాల టీచరు మార్విన్ పికరింగ్ 1964లో స్థానిక పత్రికకు ఒక ఉత్తరం రాశారు. కొత్త భవనాల కోసం బాండ్లతో డబ్బు సేకరించిన తీరును, చదువుకూ ఆటలకూ మధ్య నిధులు పంచిన పద్ధతిని ఆయన అందులో విమర్శించారు. పాఠశాల నిర్వహణకు ఆ ఉత్తరం హాని చేస్తుందని బోర్డు ఆయన్ను ఉద్యోగం నుంచి తొలగించింది, రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా బోర్డునే సమర్థించింది. 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చింది. జస్టిస్ థర్‌గుడ్ మార్షల్ రాసిన ఆ తీర్పు ప్రకారం, ఉత్తరంలో కొన్ని అంకెలు తప్పయినా, అబద్ధమని తెలిసి రాశారని గానీ నిజానిజాలు పట్టించుకోకుండా రాశారని గానీ రుజువు కానప్పుడు, ప్రజలందరికీ సంబంధించిన విషయంపై మాట్లాడినందుకు టీచరును తీసేయకూడదు. పాఠశాల నిధులు ఎలా ఖర్చుపెట్టాలన్న విషయంలో అవగాహనతో అభిప్రాయం చెప్పగలిగే అవకాశం టీచర్లకే ఎక్కువ కనుక, ప్రతీకార భయం లేకుండా వారు మాట్లాడగలగడం ప్రజలకు అవసరమని కోర్టు భావించింది.

ఆ తర్వాత ఈ రక్షణ ఒకచోట బాగా కుదించుకుపోయింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో డిప్యూటీ డిస్ట్రిక్ట్ అటార్నీగా (ప్రభుత్వం తరఫున నేర కేసులు వాదించే న్యాయవాదిగా) ఉన్న రిచర్డ్ సెబాయోస్, ఒక కేసులో సోదా వారంటు కోసం దాఖలైన అఫిడవిట్‌లో తప్పులున్నాయని పై అధికారులకు మెమో రాశారు. దాని కారణంగా తనపై కక్ష సాధించారని ఆయన కోర్టుకు వెళితే, ఉద్యోగ విధిలో భాగంగా రాసిన మాటకు మొదటి సవరణ రక్షణ వర్తించదని 2006లో సుప్రీంకోర్టు 5–4 తేడాతో తేల్చింది. దీని పర్యవసానం ఆలోచించండి. నిధుల దుర్వినియోగం గురించి పౌరుడిగా పత్రికకు రాసిన టీచరుకు రాజ్యాంగం అండగా ఉంటుంది. అదే విషయాన్ని తన బాధ్యతగా భావించి పై అధికారికి చెప్పుకున్న అకౌంటెంటుకు ఆ అండ ఉండదు. లోపల చెప్పుకోవడం మర్యాద అని పెరిగిన మనవంటి వారికి ఈ నియమం వల్ల నష్టం ఎక్కువ. తప్పును బయటపెట్టినవారిని కాపాడే రాష్ట్ర చట్టాలు ఈ ఖాళీని కొంతవరకు పూడుస్తాయి గానీ, వాటి కింద ఎవరికి, ఎలా, ఎప్పటిలోగా ఫిర్యాదు చేయాలన్నది రాష్ట్రానికో తీరుగా ఉంటుంది. కోర్టు ఈ విషయంలో పొరబడిందన్నది నా అభిప్రాయం. అయినా అమల్లో ఉన్న నియమం అదే కనుక, ఉద్యోగి దాన్ని తెలుసుకున్నాకే కలం పట్టాలి.

మాట్లాడే హక్కుకు మరో వైపు కూడా ఉంది. అది ఎన్నికైన సభ్యులకు, అధికారులకు సంబంధించినది. స్కూల్ బోర్డుల్లో, నగర మండళ్లలో తెలుగువారు గెలుస్తున్నందుకు మనం సంతోషిస్తున్నాం, అభినందన సభలు పెడుతున్నాం. వారిలో ప్రతి ఒక్కరూ చదివి తీరవలసిన తీర్పు 2024 మార్చి 15న వచ్చింది. మిషిగన్‌లోని పోర్ట్ హ్యూరన్ నగర మేనేజరు జేమ్స్ ఫ్రీడ్ తన ఫేస్‌బుక్ పేజీలో కుటుంబ విషయాలతోపాటు నగర సమాచారమూ పెడుతూ, విమర్శించిన ఒక పౌరుడి వ్యాఖ్యలను తొలగించి, చివరకు అతణ్ని బ్లాక్ చేశారు. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రెండు ప్రశ్నల పరీక్ష పెట్టింది: ఆ అధికారికి ప్రభుత్వం తరఫున ఆ విషయంపై మాట్లాడే నిజమైన అధికారం ఉందా, ఆ పోస్టులో ఆ అధికారాన్ని ఉపయోగిస్తున్నట్టుగా మాట్లాడారా? రెండింటికీ అవునని జవాబొస్తే, పౌరుణ్ని బ్లాక్ చేయడం ప్రభుత్వ చర్య అవుతుంది. కాలిఫోర్నియాలోని పోవే స్కూల్ డిస్ట్రిక్టు బోర్డు సభ్యులిద్దరు, అక్కడి పిల్లల తల్లిదండ్రులను బ్లాక్ చేసిన వ్యవహారాన్ని కూడా అదే రోజు ఈ పరీక్షకు లోబడి మళ్లీ విచారించమని కోర్టు కింది కోర్టుకు పంపింది. వ్యక్తిగత పేజీని, పదవి పేజీని వేరుగా ఉంచుకోవడం, వ్యక్తిగత పేజీలో ఆ సంగతి స్పష్టంగా రాసిపెట్టుకోవడం ఎంతో తేలికైన జాగ్రత్త. అది చేయని సభ్యుడిపై వేసే దావాను ఎదుర్కొనే ఖర్చు డిస్ట్రిక్టుపై పడవచ్చు, అది తరగతి గదులకు వెళ్లవలసిన డబ్బు.

ఇక నేను ఎక్కువగా బాధపడే విషయానికి వస్తాను. టీచరును గానీ బస్సు డ్రైవరును గానీ ఆఫీసుకు పిలిచి, ఆరోపణ వచ్చిందని చెప్పి, రాజీనామా ఇస్తే రికార్డు మీద మచ్చ ఉండదని సలహా ఇస్తే, మనవాళ్లు ఎదురుమాట లేకుండా సంతకం పెట్టి వచ్చేస్తారు. పరువు పోతుందన్న భయం ఒకటి, వీసాకు ముప్పు వస్తుందన్న భయం మరొకటి. క్లీవ్‌లాండ్ స్కూల్ బోర్డులో సెక్యూరిటీ గార్డుగా ఉన్న జేమ్స్ లౌడర్‌మిల్ కథ వారికి తెలిసి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. దరఖాస్తులో పాత శిక్ష గురించి రాయలేదని ఆయన్ను సంజాయిషీ అడగకుండానే తొలగించారు. దాన్ని చిన్న నేరంగానే భావించానని ఆయన చెప్పుకోదలచినా వినేవారు లేకపోయారు. 1985లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, సరైన కారణం లేకుండా తీసేయకూడదని చట్టం హామీ ఇచ్చిన ప్రభుత్వ ఉద్యోగం ఆస్తి వంటి హక్కు. కాబట్టి తొలగించడానికి ముందే ఆరోపణలు తెలియజేయాలి, యజమాని దగ్గరున్న ఆధారాలను వివరించాలి, ఉద్యోగి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఇది పూర్తిస్థాయి విచారణ కానవసరం లేదు, ముఖాముఖిగా గానీ రాతపూర్వకంగా గానీ జవాబివ్వనిస్తే చాలు. ప్రొబేషన్‌లో ఉన్నవారికి, ఏడాది ఒప్పందం ముగిశాక పొడిగింపు దొరకనివారికి సాధారణంగా ఈ రక్షణ ఉండదన్నది కూడా నిజం. ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. కానీ టెన్యూర్ (శాశ్వత ఉద్యోగ హోదా) వచ్చిన టీచరు, ఒప్పందం మధ్యలో ఉన్న టీచరు, సివిల్ సర్వీసు రక్షణ ఉన్న నగర ఉద్యోగి స్వచ్ఛందంగా రాజీనామా చేస్తే, ఆ సంతకంతోపాటే ఈ హక్కును చాలావరకు వదులుకున్నట్టు అవుతుంది. ఒక్క రాత్రి గడువు అడగడానికి, యూనియన్ ప్రతినిధిని వెంట తెచ్చుకుంటానని చెప్పడానికి సిగ్గుపడనవసరం లేదు.

యూనియన్ గురించి కూడా చాలామందిలో గందరగోళం ఉంది. ఇల్లినాయి రాష్ట్ర ఉద్యోగి మార్క్ జానస్ వేసిన కేసులో 2018 జూన్ 27న వచ్చిన తీర్పు తర్వాత, సభ్యుడు కాని ప్రభుత్వ ఉద్యోగి జీతంలోంచి అతని స్పష్టమైన అంగీకారం లేకుండా యూనియన్ రుసుము కోయడానికి వీల్లేదు. 1977 నుంచి నడిచిన పద్ధతి ఆ రోజుతో ముగిసింది. సభ్యత్వం ఇష్టానికి సంబంధించినదే అయినా, యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం మాత్రం సభ్యులు కానివారికీ వర్తిస్తుంది. ఇల్లినాయి ఓటర్లు 2022 నవంబరులో సమష్టిగా బేరమాడే హక్కును రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చారు. కాబట్టి మీ డిస్ట్రిక్టు ఒప్పంద పత్రాన్ని తెప్పించుకుని చదవండి. బదిలీ, సెలవు, క్రమశిక్షణ వంటి విషయాల్లో కోర్టు తీర్పులకన్నా ముందు అక్కరకు వచ్చేది అదే.

బదిలీల విషయంలో 2024 ఏప్రిల్ 17న వచ్చిన తీర్పును చాలా డిస్ట్రిక్టులు ఇంకా జీర్ణించుకోలేదు. సెయింట్ లూయిస్ నగర పోలీసుశాఖలో నిఘా విభాగంలో పనిచేస్తున్న సార్జెంట్ జటోన్యా మల్డ్రోను, ఆ స్థానంలో ఒక పురుషుణ్ని నియమించదలచి, మామూలు యూనిఫాం విధులకు మార్చారు. హోదా, జీతం తగ్గలేదు. కానీ వారాంతాల్లో పని పడింది, ఎఫ్‌బీఐ బృందంలో స్థానమూ దానితోపాటు వచ్చిన కారూ పోయాయి. చెప్పుకోదగ్గ నష్టమేదీ లేదని కింది కోర్టులు ఆమె వాదనను తిరస్కరించాయి. సుప్రీంకోర్టు మాత్రం, లింగం, జాతి, మతం, పుట్టిన దేశం వంటి కారణాలతో బదిలీ చేశారని చెప్పే ఉద్యోగి, ఉద్యోగ షరతుల్లో తనకు కొంత నష్టం జరిగిందని చూపితే చాలునని, అది పెద్ద నష్టమని చూపనవసరం లేదని చెప్పింది. స్కూళ్లలో దీని అర్థం సులభంగా ఊహించవచ్చు. ఒక టీచరును హైస్కూలు గణితం నుంచి మిడిల్ స్కూలుకు మార్చడం, సొంత గది ఇవ్వకుండా సామాను బండి తోసుకుంటూ ప్రతి పీరియడ్‌కూ ఒక గదికి తిరిగేలా చేయడం, యాస సరిగా లేదన్న నెపంతో పై తరగతుల నుంచి తప్పించడం — జీతం తగ్గలేదు కదా అన్న జవాబుతో ఇవన్నీ గతంలో కొట్టుకుపోయేవి. ఇప్పుడు ఆ జవాబు చెల్లదు. వివక్ష కారణంగానే అలా చేశారని రుజువు చేసే భారం ఉద్యోగిపైనే ఉన్నప్పటికీ, తలుపు తెరుచుకుంది. 2025 జూన్ 5న ఒహాయో కేసులో కోర్టు ఏకగ్రీవంగా మరో మాట చెప్పింది: మెజారిటీ వర్గానికి చెందిన ఉద్యోగి అయినంతమాత్రాన వివక్షను నిరూపించడానికి అదనపు భారం మోపకూడదు. అంటే పై అధికారి మనవాడైనా, ఎదుటివారు ఎవరైనా, కొలత ఒక్కటే.

గడువుల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మంచి కేసులు గడువుల దగ్గరే చచ్చిపోతాయి. సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు 180 రోజుల్లో, సొంత వివక్ష నిరోధక సంస్థ ఉన్న రాష్ట్రాల్లో 300 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. ఇల్లినాయి మానవ హక్కుల చట్టం కింద ఆ గడువు 2025 జనవరి 1 నుంచి 2 ఏళ్లకు పెరిగింది. డిస్ట్రిక్టు లోపల గానీ యూనియన్ ద్వారా గానీ ఫిర్యాదు నడుస్తున్నంత మాత్రాన కమిషన్ గడువు ఆగదు. మా సూపరింటెండెంటు చూస్తానన్నారు అని నెలల తరబడి ఆగేవారు ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుపెట్టుకున్నా ఈ ఉత్తరం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

మతపరమైన సెలవుల సంగతి మన కుటుంబాలకు మరీ దగ్గరిది. 1977 నుంచి, నామమాత్రానికి మించిన ఖర్చు అవుతుందని యజమాని చెబితే చాలు, మతాచరణకు వెసులుబాటు నిరాకరించవచ్చన్న అవగాహన పాతుకుపోయింది. ఆదివారం పనిచేయలేనన్న తపాలా ఉద్యోగి జెరాల్డ్ గ్రాఫ్ కేసులో 2023 జూన్ 29న కోర్టు ఏకగ్రీవంగా ఆ అవగాహనను సరిదిద్దింది. ఆ యజమాని వ్యాపార స్వభావాన్ని బట్టి చూసినప్పుడు గణనీయంగా అదనపు భారం పడుతుందని చూపగలిగితేనే నిరాకరించాలి. తోటి ఉద్యోగులకు ఆ మతమంటే గిట్టకపోవడం భారం కిందికి రాదు. వ్రతానికో పండుగకో ఒక రోజు అడిగిన టీచరుకు సబ్‌స్టిట్యూట్ దొరకరని ఒక్క ముక్కలో చెప్పి పంపడం ఇక కుదరదు. ఆ రోజు ఏర్పాట్లకు నిజంగా ప్రయత్నించారా అన్నది చూడవలసి ఉంటుంది. అయితే అడిగేవారు కూడా ముందుగా, రాతపూర్వకంగా, ఇది మతాచరణ కోసమని స్పష్టంగా చెప్పి అడగాలి. ఊళ్లో పనుందని సెలవు పెట్టి, తర్వాత హక్కు గురించి మాట్లాడితే ఎవరూ సహాయపడలేరు.

గర్భిణుల విషయంలో జరిగిన మార్పును తలచుకుంటే ఈ రంగంలో చట్టం ఎంత దూరం నడిచిందో అర్థమవుతుంది. క్లీవ్‌లాండ్ స్కూల్ బోర్డు ఒకప్పుడు గర్భవతి అయిన ప్రతి టీచరూ ప్రసవానికి 5 నెలల ముందే జీతం లేని సెలవు మీద వెళ్లి తీరాలని, బిడ్డకు 3 నెలలు నిండాక మొదలయ్యే సెమిస్టరు దాకా తిరిగి రాకూడదని నియమం పెట్టింది. 1974లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇప్పుడు, 2023 జూన్ 27 నుంచి అమల్లోకి వచ్చిన గర్భిణీ కార్మికుల న్యాయ చట్టం ప్రకారం, 15 మంది లేదా అంతకుమించి ఉద్యోగులున్న యజమాని ఎవరైనా కూర్చోవడానికి వీలు, నీళ్లు తాగడానికి విరామం, బరువులెత్తే పని నుంచి మినహాయింపు, డాక్టరు దగ్గరకు వెళ్లేందుకు సమయం వంటి వెసులుబాట్లను, తనకు అధిక కష్టం కలగనంత వరకు, ఇవ్వాలి. వేరే వెసులుబాటుతో సరిపోయేచోట బలవంతంగా సెలవు మీద పంపకూడదు. ఉన్న కొద్దిపాటి సెలవు గురించే ఆలోచించి, ప్రసవం దాకా గంటల తరబడి నిలబడే పాఠాలు చెబుతున్న యువతులు ఇప్పటికీ ఉన్నారు. అడిగితే ఉద్యోగం పోతుందేమోనన్నది వారి భయం. అడిగినందుకు శిక్షించడాన్ని కూడా ఆ చట్టం నిషేధిస్తుందని వారికి చెప్పేవారు కావాలి.

వయసు విషయం ఒక్క వాక్యంలో చెబుతాను: 40 ఏళ్లు నిండినవారిపై వివక్షను నిషేధించే చట్టం స్థానిక ప్రభుత్వాలన్నింటికీ, ఉద్యోగుల సంఖ్య ఎంత చిన్నదైనా, వర్తిస్తుందని అరిజోనాలోని మౌంట్ లెమన్ అగ్నిమాపక డిస్ట్రిక్టు కేసులో 2018లోనే తేలిపోయింది.

పిల్లల హక్కులపై వచ్చిన తీర్పులు ఉద్యోగులకు సంబంధించినవి కావని కొందరు అనుకుంటారు. అలా వేరుచేయడం కుదరదు. మిషిగన్‌లోని స్టర్జిస్ పాఠశాలల్లో చదివిన బధిర విద్యార్థి మిగెల్ పెరెజ్ కేసులో 2023 మార్చి 21న, ప్రత్యేక విద్యా చట్టం ఇవ్వలేని నష్టపరిహారం కోసం వికలాంగుల చట్టం కింద దావా వేసేటప్పుడు ముందుగా ప్రత్యేక విద్యా చట్టం కింది పరిపాలనా విచారణ మెట్లన్నీ ఎక్కనవసరం లేదని కోర్టు చెప్పింది. 2025 జూన్ 12న మిన్నెసోటాలోని ఒస్సియో పాఠశాలల కేసులో, పాఠశాలపై వివక్ష దావా వేసే వికలాంగ విద్యార్థి పాఠశాల దురుద్దేశాన్ని లేదా ఘోర తప్పిదాన్ని రుజువు చేయాలన్న ప్రత్యేక భారాన్ని తొలగించింది. రెండూ ఏకగ్రీవ తీర్పులే. ప్రత్యేక అవసరాలున్న బిడ్డ కోసం డిస్ట్రిక్టు ముందు చేతులు కట్టుకుని కూర్చునే తెలుగు తల్లిదండ్రులకు ఇవి ధైర్యం ఇవ్వాలి. అదే సమయంలో, ఆ బిడ్డ పక్కన రోజంతా కూర్చునే సహాయకురాలికి సరైన శిక్షణ, బిడ్డ విద్యా ప్రణాళిక ప్రతి ఇవ్వడం ఇకపై డిస్ట్రిక్టు సొంత మేలు కోసమే తప్పనిసరి అవుతుంది.

డబ్బుకు సంబంధించిన రెండు విషయాలు కూడా చెప్పాలి. ఇల్లినాయి, టెక్సస్, కాలిఫోర్నియా, ఒహాయో, మసాచుసెట్స్ వంటి రాష్ట్రాల్లో టీచర్లలో చాలామంది సోషల్ సెక్యూరిటీకి (కేంద్ర ప్రభుత్వ పెన్షన్ పథకానికి) కాకుండా రాష్ట్ర టీచర్ల పెన్షన్ నిధికి చందా కడతారు. కొన్నేళ్లు కంపెనీలో పనిచేసి, తర్వాత టీచరైన వారికి పాత ఉద్యోగం మీద రావలసిన సోషల్ సెక్యూరిటీని 1983 నాటి ఒక నియమం తగ్గించేది. జీవిత భాగస్వామి ఖాతా మీద వచ్చే సొమ్ములోంచి టీచరు పెన్షన్‌లో మూడింట రెండు వంతులను మరో నియమం కోసేది. భర్త సాఫ్ట్‌వేర్‌లో, భార్య బడిలో ఉన్న ఇళ్లలో ఆ భార్యకు తరచు ఏమీ మిగిలేది కాదు. 2025 జనవరి 5న సంతకమైన సోషల్ సెక్యూరిటీ న్యాయ చట్టం ఈ రెండు నియమాలనూ 2024 జనవరి చెల్లింపుల నుంచే రద్దు చేసింది. మొదటి నియమం భారతదేశంలో ప్రభుత్వ ఉద్యోగం చేసి పెన్షన్ తీసుకుంటూ ఇక్కడ కూడా పనిచేసినవారికి సైతం తగిలేది కనుక, ఆ పెద్దవాళ్లకూ ఈ మార్పు వర్తిస్తుంది. ఇప్పటికే తగ్గించిన సొమ్ము తీసుకుంటున్నవారికి లెక్క సరిచేస్తారు. ఎలాగూ రాదని అసలు దరఖాస్తే చేయనివారు మాత్రం ఇప్పుడు దరఖాస్తు చేసుకోవాలి. ఇంత ముఖ్యమైన మార్పు గురించి నా పరిచయస్తుల్లో చాలామందికి తెలియకపోవడం చూసి ఆశ్చర్యపోయాను.

రెండోది హెచ్‌1బీ టీచర్ల సంగతి. 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటన, దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించింది. ఆ వార్తను మీరు ఐటీ కోణంలో విస్తారంగా రాశారు. గణితం, సైన్సు, ప్రత్యేక విద్య బోధించేవారు దొరకక విదేశాల వైపు చూసే స్కూల్ డిస్ట్రిక్టుకు ఆ మొత్తం ఒక టీచరు ఏడాది జీతంకన్నా ఎక్కువేనన్న సంగతి ఎక్కడా రాలేదు. ఇలాంటి ఒత్తిడిలో ఖర్చును టీచరు మీదికే నెట్టే ప్రలోభం పుడుతుంది కాబట్టి, ఒక పాత ఉదంతాన్ని గుర్తుచేయాలి. మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ కౌంటీ పాఠశాలలు యజమాని భరించవలసిన వీసా రుసుములను విదేశీ టీచర్ల చేతనే కట్టించినందుకు, 2011లో కార్మికశాఖతో కుదిరిన ఒప్పందం కింద 1,044 మంది టీచర్లకు దాదాపు 42 లక్షల డాలర్లు తిరిగి చెల్లించవలసి వచ్చింది, రెండేళ్లపాటు విదేశీ ఉద్యోగుల నియామకంపై నిషేధాన్నీ ఎదుర్కొన్నాయి. ఆ నిషేధం వల్ల వీసా పొడిగింపు దొరకక, డబ్బు వెనక్కి వచ్చిన టీచర్లలోనే చాలామంది ఉద్యోగాలు కోల్పోయారు. తప్పు చేసింది యజమాని, శిక్షలో వాటా మాత్రం టీచర్లకు కూడా వచ్చింది. ఏజెంట్లు చూపిన చోటల్లా సంతకం పెట్టే ముందు మన యువతీయువకులు దీన్ని తెలుసుకోవాలి.

చిన్న డిస్ట్రిక్టుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులున్న ఆఫీసు జీతాల పట్టీలూ చూడాలి, సబ్‌స్టిట్యూట్‌లనూ వెతకాలి, ప్రతి జూన్‌లో వచ్చే తీర్పులనూ చదవాలి. దేశ రాజధానిలో నియమం మారితే, ఇక్కడ ఫారం మారడానికి ఏళ్లు పడుతుంది. కానీ 1978 నాటి మొనెల్ తీర్పు ప్రకారం, రాజ్యాంగ హక్కుల ఉల్లంఘనకు స్థానిక ప్రభుత్వం బాధ్యత వహించేది దాని విధానం వల్లనో స్థిరపడిన అలవాటు వల్లనో నష్టం జరిగినప్పుడే. ఆ కేసు పుట్టిందే న్యూయార్క్ నగర సాంఘిక సేవల శాఖ, విద్యా బోర్డు గర్భిణులైన ఉద్యోగినులను బలవంతంగా జీతం లేని సెలవు మీద పంపినందువల్ల. పాత ఫారాలను, పాత అలవాట్లను సరిచేయని బోర్డు ఆ బాధ్యతను తనంతట తాను నెత్తిన వేసుకుంటున్నది.

అందుకని మీ పత్రికను కోరేది, నెలకొకసారైనా ఈ రంగంలో వచ్చిన తీర్పులను, గడువులను తెలిసిన న్యాయవాదుల చేత సరళమైన తెలుగులో రాయించి ప్రచురించమని. బోర్డుల్లో ఉన్న మన సభ్యులను కోరేది, కోర్టు నియమం మార్చిన ప్రతిసారీ ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు ఒక పేజీ వివరణ పంపే ఏర్పాటును తమ డిస్ట్రిక్టులో తీర్మానంగా పెట్టమని. షికాగో నగరాన్ని మినహాయిస్తే ఇల్లినాయిలో స్కూల్ బోర్డు ఎన్నికలు బేసి సంవత్సరాల ఏప్రిల్‌లో జరుగుతాయి. మన ఇళ్లకు ఓట్లడగడానికి వచ్చే అభ్యర్థులను, తెలుగువారైనా కాకపోయినా, బదిలీ విధానాన్ని, మతపరమైన సెలవు విధానాన్ని, తొలగింపుకు ముందు నోటీసు ఇచ్చే పద్ధతిని మీ డిస్ట్రిక్టు చివరిసారి ఎప్పుడు సవరించిందని అడగవలసిందిగా మీ పాఠకులను కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక స్కూల్ డిస్ట్రిక్టు ఉద్యోగి,
ఇల్లినాయి